ఆవకాయ మరకతో సహా ఆటస్థలం

మెట్టవలసలో అందరికన్నా తెలివైన ఇల్లు ఏదని అడిగితే ఊరు ఊరంతా నవ్వుతుంది. అదే మాట అసిరయ్య ఇంట్లో అడిగితే ఎవరూ నవ్వరు. "ఇదే, ఇంకేది?" అంటారు. అసిరయ్య, అతని తమ్ముళ్ళు గవరయ్య, పోలయ్య, ఆ ముగ్గురినీ చిన్నప్పట్నుంచి పెంచిన మేనత్త బంగారమ్మ. నాలుగు బుర్రలు, నాలుగూ అంచులదాకా నిండి ఉన్నాయని వాళ్ళ నమ్మకం.

ఎంత నమ్మకమంటే, ఇంత తెలివి ఒకే కప్పు కింద ఉంటే దిష్టి కొట్టదా అని బంగారమ్మ గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టించింది. ఇంటికి కాదండోయ్, అచ్చంగా తెలివికే. దారినపోయేవాడు అది చూసి నవ్వాడా, "చూశారర్రా, కళ్ళు పడుతున్నాయి," అని ఇంకో కాయ కట్టించేది. మన కథ మొదలయ్యేసరికి గుమ్మానికి పదకొండు కాయలు వేలాడుతున్నాయి. ఇంట్లోకి పోవాలంటే ఎంతవాడైనా వంగి పోవాల్సిందే.

అసిరయ్యకి ముత్యాలని ఒక మనవరాలు, కూతురి కూతురు. ఏడేళ్ళది. ఊరి చివర కొండ తవ్వడం మొదలెట్టాక కంకర లారీలు ఊరి మధ్య నుంచే తిరుగుతున్నాయి. పిల్లలు ఆడుకునేదీ ఆ రోడ్డు మీదే. ఒకనాడు ముత్యాలు తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే లారీ ఒకటి గీసిన గళ్ళ మీద నుంచే పోయింది. పిల్ల పక్కకి దూకబట్టి బతికింది. అంతే, ఆ రోజు నుంచి వాళ్ళమ్మ దాన్ని గడప దాటనివ్వలేదు.

పదకొండు గుమ్మడికాయల కింద కూర్చుని, చేతిలో బిళ్ళ తిప్పుకుంటూ, పోయే లారీల్ని చూస్తూ ఉండేది ఆ పిల్ల. అది చూస్తే అసిరయ్యకి ముద్ద దిగేది కాదు. "తాతా, నాను మళ్ళీ ఎప్పుడు ఆడుకుంతాను?" అనడిగేది. "బేగే ఆడుకుంటావమ్మా," అనేవాడు. ఎలాగన్నది అంత తెలివైనవాడికీ తోచలేదు.

ఇలా ఉండగా, బడి పక్కనున్న ఊరుమ్మడి స్థలం మా లారీలు నిలుపుకోడానికి ఇమ్మని లారీలవాళ్ళు అర్జీ పెట్టారు. దాన్ని తేల్చడానికి మండలం నుంచి నాగవేణి అని ఒక ఆఫీసరమ్మ వచ్చి, శనివారం బడి వరండాలో మీటింగు పెట్టింది. "ఈ స్థలం లారీలకి ఇచ్చేముందు పిల్లల సంగతి ఆలోచించండి. ఇక్కడ వాళ్ళకో ఆటస్థలం కడదాం. కొన్న ఇనప జారుడుబల్లలూ ప్లాస్టిక్ గుర్రాలూ వద్దు. అడవిలో, ఏటి ఒడ్డున ఆడుకున్నట్టు ఉండాలి. మట్టి, రాయి, కర్ర, తాడు, నీళ్ళు. ఎవరు కడతారో వాళ్ళు నిలబడండి," అంది.

అసలే జీడిపిక్కలు ఏరే రోజులు. ఎవరికీ ఊపిరి తీసుకునే తీరిక లేదు. కూర్చున్నవాళ్ళెవరూ లేవలేదు. మన అన్నదమ్ములు ఆలస్యంగా వచ్చారేమో, చోటు లేక స్తంభానికి ఆనుకుని నిలబడే ఉన్నారు. ముగ్గురూ ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళు చూసుకున్నారు.

"అన్నా, మనం నిలబడే ఉన్నాం," అన్నాడు గవరయ్య.

"ఉన్నాం."

"అంటే కట్టేది మనవే."

అసిరయ్యకి కూర్చోవాలని ఒక్క క్షణం అనిపించింది. అంతలో గడపలో కూర్చున్న ముత్యాలు గుర్తొచ్చింది. ఇంకాస్త నిటారుగా నిలబడి, "మేవే కడతాం అమ్మగారూ!" అన్నాడు. ఊరంతా గొల్లుమంది. ఆ నవ్వు విని బంగారమ్మ, ఇంటికెళ్ళగానే పన్నెండో గుమ్మడికాయ కట్టాలని మనసులో అనుకుంది.

నాగవేణి నవ్వలేదు. ముగ్గుర్నీ దగ్గరికి పిలిచి నెమ్మదిగా చెప్పింది. "చూడండి, పెద్దవాళ్ళ తెలివి దూరితే పిల్లల ఆట పాడైపోతుంది. అందుకని మీరు సొంత తెలివి అస్సలు వాడొద్దు. పిల్లల చేత బొమ్మ గీయించండి. బొమ్మలో ఉన్నది ఉన్నట్టు కట్టండి. నేను శుక్రవారం పదింటికి వస్తాను. పిల్లలు ఆడుతూ కనబడితే స్థలం వాళ్ళది, లేదంటే లారీలది."

ఇంటికొచ్చి నలుగురూ దిగాలుగా కూర్చున్నారు. తెలివి లేనివాడికి వాడొద్దంటే బాధేముంది? ఇంతింత ఉన్నవాళ్ళకి ఎంత కష్టం! "పని చేస్తున్నప్పుడు మనకి తెలీకుండానే కారిపోద్దిరా," అన్నాడు అసిరయ్య. బంగారమ్మ కాసేపు ఆలోచించి, మూడు తువ్వాళ్ళు తెచ్చి, ముగ్గురి తలలకీ కళ్ళు పైకి లాక్కుపోయేంత గట్టిగా బిగించి కట్టింది. "శుక్రవారందాకా విప్పకండి. తిన్నా ఇలాగే, పడుకున్నా ఇలాగే," అంది. తెలివి లోపల భద్రంగా ఉందని ముగ్గురికీ ధైర్యం వచ్చింది.

ఆదివారం బడి గోడకున్న పాత కేలండరు కాగితం తీసి, వెనక్కి తిప్పి, వరండాలో పరిచారు. చుట్టూ పదకొండు మంది పిల్లలు బోర్లా పడుకున్నారు. వాళ్ళమ్మని బతిమాలి ముత్యాలుని అసిరయ్య తనే చంకనెత్తుకుని తెచ్చాడు. ఇంకేముంది, ఒకటే గోల! ముత్యాలు చెట్టుకి ఉయ్యాల గీసింది. ఆకుపచ్చ రంగు పుల్ల అరిగిపోవడంతో చెట్టుకి నీలం పూసింది. ఢిల్లీశు అనే కుర్రాడు గుట్ట గీశాడు. గున్నమ్మ అనే పిల్ల వంకర టింకర వాగు గీసి, అందులో రాళ్ళు గీసింది. అటు పక్కనున్నవాడొకడు ఒక కుర్రాడి బొమ్మ గీశాడు, ఇటు నుంచి చూస్తే అది తలకిందులుగా ఉంది. నాలుగేళ్ళ అప్పన్న ఎర్ర పుల్ల పిడికిట్లో పట్టుకుని గిర్రున తిప్పి పెద్ద గజిబిజి గీశాడు.

"ఏటి నాన్నా ఇది?" అనడిగాడు అసిరయ్య.

"తెల్దు," అన్నాడు అప్పన్న.

"రాసుకోరా పోలయ్యా. ఇక్కడ ఒక తెల్దు కట్టాలి."

మధ్యాహ్నం బంగారమ్మ అన్నాలు తెచ్చింది. పోలయ్య అన్నం కలుపుతుంటే ఆవకాయ ముక్క జారి గుట్ట మీద పడింది. ఎర్రటి నూనె గుట్ట మీంచి వాగుదాకా కారింది. ఎవరూ దాన్ని తుడవలేదు. కాగితం మీదకి వచ్చింది కదా, ఇంక దాన్ని మార్చడానికి వాళ్ళెవరు?

సోమవారం పొద్దున్నే పని మొదలైంది. అసిరయ్య కాగితం మీద జాన పెట్టి కొలిచాడు. చెట్టు జానెడు. గుట్ట నాలుగు వేళ్ళు. వాగు మూరకి కొంచెం తక్కువ. "ఉన్నది ఉన్నట్టు," అని మూడుసార్లు చెప్పుకుని స్థలం మధ్యలో కూర్చున్నారు. నాలుగు వేళ్ళ ఎత్తున మట్టి పెట్టి గుట్ట చేశారు. జానెడు కొమ్మ పాతారు. దానికి దారప్పోగుతో, చీపురుపుల్లతో ఉయ్యాల కట్టారు. చెంచాడు నీళ్ళు పోసి వాగు పారించారు. పూటలో పనంతా అయిపోయింది. నలుగురూ చుట్టూ కూర్చుని మురిసిపోయారు.

"అప్పుడే చీమలు ఆడుకుంటన్నాయర్రా!" అంది బంగారమ్మ.

సాయంత్రం ముత్యాలుని తీసుకొచ్చి చూపించాడు అసిరయ్య. పిల్ల మోకాళ్ళ మీద కూర్చుని, వంగి, చాలాసేపు చూసింది. "బాగుంది తాతా. కాని నాను ఇందులో ఎలా పడతాను?"

అసిరయ్య కొమ్మనీ చూశాడు, మనవరాలినీ చూశాడు. "నువ్వు కొంచెం చిన్నదానివి అవ్వాలమ్మా," అన్నాడు.

"ఎంత?"

"చీమంత."

"నావల్ల కాదు తాతా," అని ముత్యాలు ఏడుపు మొదలెట్టింది. ఆ రాత్రి అసిరయ్య అన్నం ముట్టలేదు. పిల్ల పెద్దదైపోవడం తన తప్పేనని, పాలు మరీ ఎక్కువ పోశానని బాధపడ్డాడు.

మంగళవారం పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని నాగవేణి జీపు దిగింది. స్థలమంతా కలియజూసింది. "ఏదయ్యా, ఇంకా మొదలెట్టలేదా?" అంటూ రెండడుగులు ముందుకేసింది.

"ఓలమ్మో! గుట్ట తొక్కీసారు!" అని గవరయ్య నెత్తి బాదుకున్నాడు.

ఆవిడ కాలెత్తి కిందకి చూసింది. విరిగిన చీపురుపుల్లా, పరిగెడుతున్న చీమలూ కనిపించాయి. సంగతి బోధపడ్డాక అక్కడే ఒక రాయి మీద కూలబడింది. కాగితం అడిగి తీసుకుని, వేలితో చూపిస్తూ చెప్పింది. "అయ్యా, ఇది బొమ్మ. దీని మీద జానెడున్నది నేల మీద ఇరవై అడుగులు అవ్వాలి. అర్థమైందా?"

"అన్నీనా అమ్మగారూ?"

"అన్నీ. పిల్లలు గీసిన ప్రతి గీతా ముఖ్యమే. ఏదీ వదలొద్దు. ఇంక మూడే రోజులున్నాయి. నామీద లారీలవాళ్ళ ఒత్తిడి ఎక్కువగా ఉంది. శుక్రవారం ఇక్కడ చీమలు కనబడితే చాలదు."

జీపు వెళ్ళిపోయింది. మూడు రోజులు! అసిరయ్య తలగుడ్డ ఇంకో ముడి బిగించుకుని పనిలోకి దూకాడు.

చెట్టు కోసం వెతుక్కోనక్కర్లేకపోయింది, స్థలంలోనే పెద్ద నేరేడు ఉంది. దానికి మోకుతో ఉయ్యాల వేశారు. కాకపోతే చెట్టు పచ్చగా ఉంది. బొమ్మలో చెట్టు నీలం. ఇంకేముంది, ఊరందరి ఇళ్ళలో బట్టలకి పెట్టుకునే నీలిమందు అంతా పోగేసి, కాగుల్లో కలిపి, పోలయ్య కొమ్మకొమ్మకీ ఎక్కి చెంబులతో పోశాడు. చెట్టు నీలంగా మారింది. కింద మేస్తున్న మేకలు నీలంగా మారాయి. పోలయ్య అన్నిటికన్నా నీలంగా మారాడు. చెట్టు దిగి ఇంటికొస్తే బంగారమ్మ, "ఎవరు బాబూ మీరు? మా పోలయ్య ఇంట్లో లేడు, పనికెళ్ళాడు," అని తలుపేసింది. పోలయ్య కూడా కాసేపు నిజమే అనుకుని, తనకోసం తనే అరుగు మీద కూర్చుని ఎదురుచూశాడు.

తర్వాత గుట్ట. లారీల నుంచి రాలిన మట్టీ కంకరా బళ్ళతో తోలి, మనిషికన్నా ఎత్తు గుట్ట పోశారు. ఆ తర్వాత అప్పన్న గీసిన 'తెల్దు'. దాన్ని ఎలా కట్టాలో నలుగురికీ తెలియలేదు. "తెలీకుండా ఉండడమే దాని లక్షణం కదా, సరిగ్గానే పోతున్నాం," అన్నాడు అసిరయ్య. నూతి చేదతాళ్ళు, పశువుల పలుపులు, చెరుకుబండి మోకులు, అడవి తీగలు అన్నీ తెచ్చి నాలుగు కర్రల మధ్య అటూ ఇటూ లాగి, పైకీ కిందకీ దూర్చి, ఎక్కడ మొదలెట్టారో ఎక్కడ ఆపారో ఎవరికీ అంతు చిక్కకుండా అల్లిపడేశారు. అల్లికలో గవరయ్య లోపలుండిపోయాడు. అతన్ని బయటికి లాగేసరికి పొద్దు గూట్లో పడింది.

బుధవారం ఆవకాయ మరక దగ్గరికి వచ్చారు. "ఇరవై అడుగుల మరకంటే మాటలా?" అని బంగారమ్మ ఇంట్లో ఉన్న నువ్వుల నూనె డబ్బా, ఏడాదికని కొట్టించిన కారం రెండు బస్తాలూ బండెక్కించి తెచ్చింది. అసిరయ్య బస్తా మూతి విప్పి, కారం గుట్ట మీద గుమ్మరించబోయి ఆగాడు. దీని మీంచి ముత్యాలు జారితే? కళ్ళు మండవూ?

అంతే, బస్తా కింద పడేసి తల పట్టుకున్నాడు. "అత్తా! నాకు ఆలోచన వచ్చీసింది! తలగుడ్డ వదులైపోనాది!"

చూస్తే నిజంగానే ముడి జారింది. బంగారమ్మ మోకాలు వీపుకి ఆనించి మళ్ళీ బిగించింది. కాని కారిపోయింది కారిపోయింది, దాన్ని తిరిగి లోపలికి ఎలా తోస్తారు? మనసు ఒప్పక, కారం బదులు ఎర్రమట్టి తెచ్చి నూనెలో కలిపి గుట్ట మీంచి కిందదాకా మెత్తారు. ఆ రోజంతా అసిరయ్యకి బెంగే. సొంత తెలివి వాడొద్దని అమ్మగారు అంత చెప్పిందే! ఆవిడ మరక నాకి చూస్తుందేమో, కారం లేదని స్థలం లారీలకి ఇచ్చేస్తుందేమో!

గురువారం ఇంక రెండే మిగిలాయి. ఒకటి, బొమ్మలో తలకిందులుగా ఉన్న కుర్రాడు. పదకొండు మంది పిల్లల్నీ బతిమాలారు, ఒక్కరూ తలకిందులుగా నిలబడి ఉంటామనలేదు. "నాను ఉంటాను," అని పోలయ్య ఒప్పుకున్నాడు. ఎలాగూ నీలంగా ఉన్నాడు, ఇంతకన్నా ఏం పోతుంది? నేరేడు కొమ్మకి మోకాళ్ళు మడిచి వేలాడడం ప్రాక్టీసు మొదలెట్టాడు.

రెండోది చిల్లు. కాగితం పై అంచున గోడ మేకుకి చిరిగి పెద్దదైన చిల్లు ఉంది, అది. బొటనవేలంత చిల్లు, లెక్క ప్రకారం మనిషి పట్టేంత గొయ్యి. "లోతెంత?" అన్నాడు గవరయ్య. అసిరయ్య కాగితం ఎత్తి పట్టుకుని చిల్లులోంచి చూశాడు. అవతల నుంచి గవరయ్య కన్ను కనిపించింది.

"అటు పక్కదాకా ఉందిరా," అన్నాడు.

"భూమికి కూడానా?"

"ఉన్నది ఉన్నట్టు."

ఇంకేముంది, గవరయ్య పలుగూ పారా భుజాన వేసుకున్నాడు. ఎప్పటికి చేరతాడో ఏమోనని బంగారమ్మ రెండు పూటలకి అన్నం మూటగట్టింది. "అటుపక్క వాళ్ళు ఎలాటోళ్ళో. మంచిగా మాటాడు. నాను అడిగానని చెప్పు," అని కళ్ళు తుడుచుకుంది. అన్న తమ్ముణ్ణి కౌగిలించుకున్నాడు. గవరయ్య తవ్వుతూ తవ్వుతూ లోపలికి వెళ్ళిపోయాడు. పైనుంచి చూస్తే ముందు నడుం, తర్వాత తల, తర్వాత తలగుడ్డ కూడా కనబడడం మానేసింది.

రెండు నిలువుల లోతు వెళ్ళాడో లేదో, బుస్సుమని ఊట తన్నుకొచ్చింది. గవరయ్య తడిసి ముద్దయి పాక్కుంటూ పైకొచ్చాడు. "అన్నా! అటుపక్క సముద్రం ఉందర్రా! చిల్లు పెట్టీసాను! ఊళ్ళోకి ఒచ్చీస్తంది!"

"కప్పండి, కప్పండి!" అని కేకలేస్తూ దొరికిన రాళ్ళన్నీ గొయ్యిలోకి దొర్లించారు. గొయ్యి నిండిందే గాని నీళ్ళు ఆగలేదు. రాళ్ళ సందుల్లోంచి మోకాలి ఎత్తున ఎగదన్ని, పల్లం చూసుకుని, వంకర టింకరగా, గున్నమ్మ ఎలా గీసిందో అలాగే పారి, గుట్ట కింద ఎర్రమట్టిని తాకి గుంటకట్టింది. వాగు కట్టడం మర్చిపోయామని వాళ్ళకి అప్పుడు గుర్తొచ్చింది. "సముద్రం ఎంత మంచిదిరా, అడక్కుండానే చేసి పెట్టింది," అంది బంగారమ్మ.

శుక్రవారం తెల్లారింది. తొమ్మిదింటికి పిల్లలు వచ్చారు. ముత్యాలుని వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి, స్థలం అంచున వదిలింది. అసిరయ్య కాగితం పట్టుకుని, "ఆగండర్రా! ఎవరు ఎక్కడుండాలో చెబుతాను. ఢిల్లీశూ, నువ్వు గుట్టకి రెండు వేళ్ళు ఇవతల..." అంటూ ఉన్నాడు. ఎవడు వింటాడు? పిల్లలు కట్ట తెగినట్టు లోపలికి పోయారు. తెల్దులో అయిదుగురు దూరారు, ఎటుపోతే ఎక్కడ తేలతామో తెలీక పడీ పడీ నవ్వుతున్నారు. ఢిల్లీశు గుట్టెక్కి ఆవకాయ మరక మీంచి జర్రున జారి దభేలుమని నీళ్ళలో పడ్డాడు. లేచి, "మళ్ళీ!" అని అరిచాడు. అప్పన్న వాగులో రాళ్ళ మీద కూర్చుని తన కాళ్ళు తనే కడుక్కుంటున్నాడు. నీలం పోలయ్య కొమ్మకి తలకిందులుగా వేలాడుతుంటే ఇద్దరు పిల్లలు వచ్చి అతని పక్కనే వేలాడారు.

ముత్యాలు నీలం చెట్టు ఉయ్యాల ఎక్కింది. మొదట మెల్లగా, తర్వాత గట్టిగా, ఆ తర్వాత ఆకాశానికి కాళ్ళు తగిలించేంత ఎత్తున ఊగింది. "తాతా! చూడు తాతా!" అని అరిచింది. అసిరయ్యకి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. ఎన్ని రోజులకి విన్నాడో ఆ కేక! తలగుడ్డ విప్పి కళ్ళు తుడుచుకుందామనుకుని, ఉన్న తెలివి కారిపోతుందని చేతులతోనే తుడుచుకున్నాడు.

సరిగ్గా పదింటికి జీపు వచ్చింది. నాగవేణి దిగి చూసింది. నీలం చెట్టు, నీలం మేకలు, నీలం మనిషి. "ఈ ఎర్రగా ఉన్నదేమిటి?" అంటూ గుట్ట ఎక్కింది.

అసిరయ్య వెనకాలే పరిగెత్తాడు. "అమ్మగారూ, ఆవకాయ మరకండి. కారం వెయ్యలేదండి. తప్పయిపోయింది..."

మాట పూర్తి కాలేదు. ఆవిడ చెప్పు మరక మీద పడింది. అంతే! ఆఫీసరమ్మ, ఫైలు, కళ్ళజోడు ముగ్గురూ వరసగా జర్రున జారి, గుట్ట దిగి, దభేలుమని గుంటలో పడ్డారు. ఎర్రనీళ్ళు పైకి లేచి మళ్ళీ ఆవిడ మీదే పడ్డాయి. పిల్లలంతా బిక్కచచ్చిపోయారు. అసిరయ్య కళ్ళు మూసుకున్నాడు. లారీలు వరసగా లోపలికొస్తున్నట్టే అనిపించింది.

మొదట ఒక చిన్న శబ్దం వినిపించింది. కళ్ళు తెరిచి చూస్తే నాగవేణి బురదలో కూర్చుని నవ్వుతోంది. పొట్ట పట్టుకుని, ఆగి, మళ్ళీ నవ్వుతోంది. "చిన్నప్పుడు మా ఊరి ఏటి గట్టు మీద ఇలాగే జారేవాళ్ళమయ్యా," అంది. పిల్లలు ఒక్కసారి హోరుమని మళ్ళీ మొదలెట్టారు.

ఆవిడ అసిరయ్యని వంగమని, అతని వీపు మీద తడి ఫైలు పెట్టి సంతకం చేసింది. "స్థలం పిల్లలదే. కాని ఒక్క షరతు. వచ్చే ఏడు ఇదే రోజున మళ్ళీ వస్తాను. ఇవాళ నేను చూసింది చూసినట్టే ఉండాలి. ఏమాత్రం మారినా లారీలవాళ్ళు మళ్ళీ అర్జీ పెడతారు, నేను ఆపలేను," అని చెప్పి, చీర కుచ్చిళ్ళు పిండుకుంటూ జీపెక్కింది.

జీపు కదిలిందో లేదో అసిరయ్య రెండు చేతులూ ఎత్తి గావుకేక పెట్టాడు. "ఎవరూ కదలకండి!"

పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. మరక మీద జారుతున్న ఢిల్లీశుని గవరయ్య సగంలో పట్టుకుని ఆపాడు. ముత్యాలు ఉయ్యాల పైకి వెళ్ళి ఉండగా అసిరయ్య పరిగెత్తి దాన్ని ఆ ఎత్తునే రెండు చేతులతో పట్టుకున్నాడు. "అమ్మగారు చూసింది చూసినట్టే ఉండాలర్రా! ఎవరూ రెప్ప వెయ్యకండి!"

వాగు ఒక్కటే మాట వినడం లేదు. పైనుంచి ముత్యాలు మెల్లగా అడిగింది. "తాతా, ఎప్పుడు ఆడుకోవచ్చు?"

"వచ్చే ఏడమ్మా. అమ్మగారు వచ్చి చూసుకున్నాక."

పిల్ల ముఖం మాడిపోయింది. మళ్ళీ ఆ గడపలో కూర్చున్న ముఖమే. ఇంత చేసి, స్థలం దక్కించుకుని, చివరికి పిల్లకి ఆట లేదు! ముత్యాలు కాసేపు ముక్కు ఎగబీల్చి, అంది: "కాని తాతా, ఆవిడ చూసినప్పుడు నాను ఊగుతున్నాను కదా. ఇప్పుడు ఊగట్లేదు కదా. మారిపోనాది కదా!"

"ఓరి నాయనో! ఆడండర్రా! ఎవరూ ఆగకండి!" అని అసిరయ్య ఉయ్యాల వదిలేశాడు. ముత్యాలు కెవ్వుమని నవ్వుతూ ఆకాశంలోకి పోయింది. ఢిల్లీశు జర్రున జారాడు. మళ్ళీ ఒకటే గోల. హమ్మయ్య, అంతా చూసింది చూసినట్టే ఉందని అసిరయ్య ఊపిరి పీల్చుకున్నాడు.

అప్పుడు బంగారమ్మ మనుషుల్ని ఒక్కొక్కరినే వేలు పెట్టి చూసుకుంటూ వచ్చింది. రెండోసారి చూసింది. మూడోసారి చూసి గుండెలు బాదుకుంది. "ఒరే అసిరీ, ఒక మనిషి తక్కువైందిరా! ఆ ఎర్ర గుంటలో ఒకావిడ కూర్చుని నవ్వుతుండాలి. ఏదీ?"

అసిరయ్య గుంటకేసి చూశాడు. ఖాళీ! ఇంక ఆలోచించలేదు, పరుగు లంకించుకున్నాడు. వెనకాల గవరయ్య, వాడి వెనకాల కొంగు దోపుకుని బంగారమ్మ. పోలయ్య కొమ్మ మీద నుంచే, "నాను రాలేనర్రా, నా చోటు ఇది!" అని అరిచాడు.

ఊరి మలుపులో కంకర లారీ అడ్డొచ్చి జీపు ఆగి ఉంది. నాగవేణి తల తుడుచుకుంటోంది. ముగ్గురూ రొప్పుతూ వచ్చి తలుపు లాగారు.

"ఏమైందయ్యా? ఎవరికైనా దెబ్బ తగిలిందా?" అని ఆవిడ కంగారుగా దిగింది.

"అంతకన్నా పెద్దదమ్మా!" అని అసిరయ్య ఒక చెయ్యి, గవరయ్య ఒక చెయ్యి పట్టుకున్నారు. బంగారమ్మ వెనక నుంచి తోసింది. ఆవిడ ఏదో అనబోయింది గాని ఆ పరుగులో మాట ఎక్కడ నిలుస్తుంది? తీసుకొచ్చి, మర్యాదగా, చెప్పులతో సహా గుంటలో కూర్చోబెట్టారు. వెనకాలే డ్రైవరు లబోదిబోమంటూ వచ్చాడు. "నువ్వు అప్పుడు జీపులో నిద్రపోతన్నావు బాబూ. ఎళ్ళి పడుకో," అని బంగారమ్మ అతన్ని వెనక్కి పంపేసింది.

నాగవేణి బురదలోంచి చూసింది. "నన్నెందుకు తెచ్చారయ్యా?"

"చూసింది చూసినట్టే ఉండాలన్నారు గదమ్మా. మీరు లేకపోతే ఎలా? ఏడాదే గదమ్మా, ఇట్టే గడిచిపోద్ది. మా అత్త పూటపూటకీ అన్నం తెచ్చి పెడతాది."

ఆవిడ ముఖం ఎర్రబడింది. లేవబోయింది. అసిరయ్య ఆ గుంటలోనే మోకాళ్ళ మీద కూలబడి రెండు చేతులూ జోడించాడు. "కోపంగా ఉండకండమ్మా, మీ కాళ్ళకి దండం! అప్పుడు మీరు నవ్వుతున్నారు. మీరు నవ్వకపోతే మారిపోయినట్టే. మా పిల్ల మళ్ళీ గడపలో కూర్చోవాలి. ఒక్క ఏడాది నవ్వండమ్మా!"

నాగవేణి అతని ముఖం చూసింది. కన్నీళ్ళూ బురదా కలిసి కారుతున్నాయి, నెత్తి మీద తువ్వాలు కళ్ళని పైకి లాక్కుపోయింది. పైన ముత్యాలు రయ్యిమని ఊగుతోంది. ఆవిడ ఆపుకుందామనుకుంది, పెదవి కొరుక్కుంది, ఇంక చేతకాక పకాలుమని నవ్వేసింది.

"ఆఁ, అదే! అచ్చం అలాగే!" అన్నాడు అసిరయ్య ఆత్రంగా. "ఇంక అలాగే ఉంచండి."